ఫ్యూజు ఎందుకు పోతోంది?

(కర్నూలు, కడప జిల్లాల్లో పనిచేస్తున్న మహిళా కార్యకర్తల శిక్షణా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పొద్దుటి నుంచి గృహహింస చట్టం గురించి, భరణం గురించి చాలా విషయాలు విన్నారు. ఇప్పుడు స్కూటరు వైరింగు గురించి మాట్లాడతానంటే కొందరు నవ్వుకుంటున్నారు, చూస్తున్నాను. నవ్వండి. అయితే మీలో పాత బండి కొనుక్కున్న వాళ్లు ఎంతమంది? చేతులెత్తండి. సగం మందికి పైనే ఉన్నారు. బండి దారిలో ఆగిపోయి నడిచిన వాళ్లు? దింపాల్సిన చేయి ఒక్కటీ లేదు.

సొంత అనుభవంతో మొదలుపెడతాను. ఐదేళ్ల కిందట నేనొక పాత గేరులేని స్కూటరు కొన్నాను. మూడు చేతులు మారిన బండి. కొన్న నెలకే ఫ్యూజు పోవడం మొదలైంది. హారను మోగదు, ఇండికేటరు వెలగదు, సెల్ఫు అందుకోదు. ఒక షెడ్డుకు తీసుకుపోతే ఫ్యూజు మార్చి యాభై తీసుకున్నాడు. వారానికి మళ్లీ పోయింది. మూడోసారి వెళ్లినప్పుడు, "ఇంక నీకు ఈ బాధ ఉండదులేమ్మా" అని సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితం మడిచి ఫ్యూజు స్థానంలో పెట్టాడు. నిజంగానే రెండు నెలలు ఏ బాధా లేదు. నేను ఆ మెకానిక్కును మెచ్చుకున్నాను కూడా.

ఆ తర్వాత ఒక సాయంత్రం పత్తికొండ వైపు ఒక ఊరి నుంచి ఫోను వచ్చింది. ఆ అమ్మాయి మా సంఘంలో సభ్యురాలు. "అక్కా, ఏడు గంటలకల్లా రా. స్టేషన్‌కి పోదామనుకుంటాండా. ఒక్కదాన్నే పోలేను" అంది. నేను ఐదున్నరకు కర్నూలులో బయలుదేరాను. సగం దారి దాటాక ఒక మలుపులో హ్యాండిల్ ఎడమకు తిప్పాను. ముందు డూము లోపలి నుంచి పొగ వచ్చింది, కాలిన ప్లాస్టిక్కు వాసన వచ్చింది, ఇంజను ఆగిపోయింది. ఎన్ని కిక్కులు కొట్టినా లేవలేదు. చీకటి పడింది. ఆ దారిలో ఆ వేళ బస్సు లేదు. చివరికి శనగకాయ మూటలు వేసుకుపోతున్న ఒక ఆటోలో కూర్చుని తొమ్మిదిన్నరకు చేరాను. అప్పటికి ఊరి పెద్దలు కూర్చుని, ఆ అమ్మాయి చేత రాజీ కాగితం మీద సంతకం పెట్టించారు. నన్ను చూసి ఆమె ఒక్కమాటే అంది, "నువ్వు రావనుకున్న్యా అక్కా" అని.

నేను ఏడు గంటలకు చేరి ఉంటే అంతా వేరేగా జరిగేదని చెప్పను. ఆమె రాజీకి కారణాలు స్కూటరు కంటే చాలా పెద్దవి. అయినా ఆ వెండి కాగితాన్ని నేను మరచిపోలేదు.

ఫ్యూజు అంటే ఏమిటి? వైరులో కరెంటు ఎక్కువైతే వైరు కాలిపోక ముందే తాను కరిగిపోయి దారి తెంచే సన్నటి తీగ. స్కూటర్లలో ఎక్కువగా 10 లేదా 15 ఆంపియర్లది ఉంటుంది. అది మాటిమాటికీ పోతోందంటే ఫ్యూజుది తప్పు కాదు. లోపల ఎక్కడో ప్లస్ వైరు ఒరుసుకుపోయి బాడీకి తగులుతోందని అది మనకు చెబుతోంది. నా బండిలో హ్యాండిల్ మెడ దగ్గర వైరు తోలు లేచిపోయింది. ఎడమకు తిప్పినప్పుడల్లా రాగి బయటపడి ఇనుముకు తగిలేది. ఫ్యూజు ఉన్నన్నాళ్లూ అదే పోయి బండిని కాపాడింది. వెండి కాగితం కరగదు కాబట్టి వైరు కరిగింది. పక్కనున్న వైర్ల తోలు కూడా కరిగి అన్నీ ఒకదానికొకటి అతుక్కున్నాయి. చాలా పాత బండ్లలో తాళం తిప్పితే ఇంజను ఆగడానికి ఒక వైరు ఉంటుంది. అది బాడీకి తగిలితే ప్లగ్గుకు నిప్పురవ్వ రాదు. ఆ వైరూ కరిగి బాడీకి తగిలింది. సి.డి.ఐ. దగ్గర ఆ ఒక్క వైరు పీకేసి ఉంటే నేను ఆ రాత్రి కిక్కు కొట్టుకుని వెళ్లిపోయి ఉండేదాన్ని. ఇది నాకు తర్వాత తెలిసింది.

ఎలా తెలిసిందో చెప్పాలి. కాలిన బండిని చూసి ఇద్దరు "తుక్కుకు అమ్మేయండి" అన్నారు. ఇంట్లో వాళ్లు "ఆడదానికి బండి ఎందుకని మేం ముందే చెప్పలేదా" అన్నారు. కడపలో ఒక సందులో ఆటో ఎలక్ట్రీషియన్ భాయి ఉన్నాడని ఎవరో చెబితే అక్కడికి చేర్చాను. భాయి బండి చూసి లోపలికి కేకేశాడు. ఆయన భార్య వచ్చింది. డూము విప్పిన చోట చేయి పెట్టి, వైర్లు ఒక్కొక్కటే వేళ్లతో పట్టుకుని, ఇది హారనుది, ఇది బ్రేకు లైటుది, ఇది ఎర్తు అని చెప్పుకుంటూ పోయింది. ఆ షెడ్డులో వైరింగు గుత్తులన్నీ కట్టేది, టేపు చుట్టేది, అతుకులు వేసేది ఆమే. ఇరవై ఏళ్లుగా వంటింటి పక్క గదిలో కూర్చుని చేస్తోంది. బయట బోర్డు మీద పేరు భాయిది. బేరం, డబ్బు భాయివి. ఆమెను "ఆపా, మీరు మెకానిక్కే కదా" అంటే, "నేనేం మెకానిక్కు, ఊరికే ఇంటి పని" అంది. బీడీలు చుట్టే ఆడవాళ్ల నోట, చీర నేసే ఇళ్లలో కండెలు చుట్టే ఆడవాళ్ల నోట ఈ మాట మీరూ వినే ఉంటారు. నేను ఎనిమిది ఆదివారాలు ఆ ఇంటికి పోయి ఆమె దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఇవాళ చెప్పేదంతా ఆమె చెప్పిందే.

మన సీమ వాతావరణంలో వైరింగు ఎందుకు ఇంత త్వరగా పాడవుతుందో ముందు చూడండి. ఏప్రిల్, మే నెలల్లో 43, 44 డిగ్రీల ఎండ. బండి మండల ఆఫీసు ముందు, అంగన్‌వాడీ ముందు రోజంతా ఎండలోనే ఉంటుంది. ప్లాస్టిక్కు తోలు గట్టిపడి పెళుసవుతుంది. వంచితే చిట్లుతుంది. నల్ల టేపుకున్న జిగురు కరిగి కారిపోయి టేపు ఊడుతుంది. ఇంక దుమ్ము. ఆపైన ఎలుకలు. శనగకాయ బస్తాలున్న వసారాలో బండి పెడితే సీటు కింద ఎలుక గూడు కడుతుంది, వైర్లు కొరుకుతుంది. వీటన్నిటికీ తోడు ముందటి యజమానుల ఘనకార్యాలు. పెద్ద హారను, రంగు లైట్లు, ఫోను ఛార్జింగు, వీటి కోసం ఎక్కడపడితే అక్కడ తోలు గీకి మెలితిప్పిన వైర్లు. పాత బండి కొనేటప్పుడు రంగు, టైరు చూస్తాం. సీటు ఎత్తి, వీలైతే డూము విప్పించి టేపు ఎంత ఉందో చూడండి. టేపు ఎక్కువున్న బండికి కథలెక్కువ.

ఇంక పని. ముందుగా టెస్టు లైటు తయారు చేసుకోండి. 12 వోల్టుల, 10 వాట్ల ఇండికేటరు బల్బు, దాని హోల్డరు, రెండు మూరల వైర్లు, చివర మొసలి క్లిప్పులు. వంద, నూటాయాభైలో అయిపోతుంది. మల్టీమీటరు కొంటే ఇంకా మంచిది, కానీ లేకపోయినా పని ఆగదు. ఒక్క హెచ్చరిక. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.6 బండ్లలో ఫ్యూయెల్ ఇంజెక్షను, దానికొక చిన్న కంప్యూటరు ఉంటాయి. ఆ పెట్టెకు పోయే వైర్ల మీద ఈ బల్బు పెట్టకండి, అది చెడిపోతుంది. అక్కడ మీటరే వాడాలి. మనలో చాలామంది కొనేవి అంతకు ముందటి కార్బొరేటరు బండ్లే కాబట్టి నేను వాటి గురించే చెబుతున్నాను.

కె.సి. కాలువ మీకందరికీ తెలుసు. సుంకేసుల దగ్గర తుంగభద్రలో బయలుదేరి కడప దాకా వస్తుంది. చివరి ఆయకట్టుకు నీళ్లు రాలేదంటే ఏం చేస్తాం? పైనుంచి తూము తూముకూ చూసుకుంటూ వస్తాం. ఫలానా తూము దగ్గర నీళ్లున్నాయి, తర్వాతి దానిలో లేవు అంటే గండి ఆ రెంటి మధ్య ఉంది. కరెంటూ అంతే. బ్యాటరీ, ఫ్యూజు, తాళం, స్విచ్చి, బల్బు. ఇదీ దాని దారి. టెస్టు లైటు ఒక క్లిప్పు బాడీ ఇనుముకు, రంగు లేని చోట, పెట్టండి. రెండోదాన్ని వరసగా బ్యాటరీ ప్లస్‌కు, ఫ్యూజుకు ఇవతల, అవతల, తాళం తర్వాత, స్విచ్చి తర్వాత తాకిస్తూ రండి. ఎక్కడిదాకా వెలిగింది, ఎక్కడ ఆగింది? ఆ రెంటి మధ్య జానెడు వైరులోనో, ఒక కనెక్టరులోనో తప్పు దొరుకుతుంది. బండి మొత్తం విప్పనక్కర లేదు. "వైరింగంతా మార్చాలమ్మా, మూడు వేలవుతుంది" అనే మాటకు ఇక్కడే జవాబు ఉంది.

బ్యాటరీ దగ్గరే బల్బు మసకగా ఉంటే బ్యాటరీ సంగతి ముందు చూసుకోవాలి. మీటరుంటే, బండి ఆపి కాసేపు ఉంచాక 12.6 వోల్టులుంటే నిండుగా ఉన్నట్టు. 12కు దిగితే దాదాపు ఖాళీ. ఇంజను నడుపుతూ కొంచెం యాక్సిలరేటరు ఇస్తే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. రాకపోతే ఛార్జింగు లేదు. 15 దాటితే రెగ్యులేటరు పోయింది, అది బల్బులను మాడుస్తుంది, బ్యాటరీని ఉడికిస్తుంది. కొత్త బ్యాటరీ కొనక ముందు ఈ ఒక్క కొలత తీసుకోండి. కొత్త బ్యాటరీ పెట్టించుకుని నెల తిరక్కుండా మళ్లీ దుకాణానికి పోయిన వాళ్లు ఇక్కడే ఇద్దరున్నారు.

నీళ్లు పోయే దారే కాదు, కరెంటుకు తిరిగొచ్చే దారి కూడా ఉండాలి. అదే ఎర్తు. బాడీకి బోల్టు వేసి బిగించిన వైరు. అక్కడ తుప్పు పడితే వింతలు జరుగుతాయి. బ్రేకు నొక్కితే ఇండికేటరు మసకగా వెలుగుతుంది. హారను కొడితే లైటు డీలా పడుతుంది. ఇలా ఒకటి నొక్కితే ఇంకొకటి స్పందిస్తోందంటే ముందు ఎర్తు బోల్టు విప్పి, గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, మళ్లీ బిగించండి. సగం "దయ్యం పట్టిన" బండ్లు దీనితోనే బాగవుతాయి.

ఇంక నా బండి రోగం, ఫ్యూజు పోవడం. ఇది పట్టుకోవడానికి ఆపా చూపించిన పద్ధతి నాకు అన్నిటికంటే ఇష్టం. పోయిన ఫ్యూజు తీసేసి, దాని రెండు కొసల మధ్య టెస్టు లైటు పెట్టండి. ఇప్పుడు ఆ బల్బే ఫ్యూజు. ఎంత షార్టున్నా బల్బు గుండా ఒక ఆంపియరు దాటి పోదు కాబట్టి ఏదీ కాలదు, నింపాదిగా వెతకొచ్చు. తాళం వేయకముందే బల్బు నిండుగా వెలిగితే షార్టు ఫ్యూజుకు, తాళానికి మధ్యనే ఉంది. తాళం తిప్పాక వెలిగితే తాళం తర్వాత. హారను నొక్కినప్పుడే వెలిగితే హారను వైరులో ఉంది, అయితే హారను తీసుకునే కరెంటుకు కూడా బల్బు కొంచెం వెలుగుతుంది, కాబట్టి హారను కనెక్షను పీకి చూడాలి. తాళం వేసి, అన్ని స్విచ్చిలూ ఆపి ఉంచి, హ్యాండిల్ ఎడమకు, కుడికి తిప్పండి. వైర్ల గుత్తిని చేత్తో కదిలించండి. కాళ్లు పెట్టుకునే పలక కింద, సీటు కింద, వెనక లైటు దగ్గర. కదిలించినప్పుడు బల్బు గుప్పున వెలిగిన చోటే గాయం ఉంది. దొరకకపోతే కనెక్టర్లు ఒక్కొక్కటీ పీకుతూ రండి. ఏది పీకితే బల్బు ఆరిందో ఆ కొమ్మలో ఉంది తప్పు. నా బండికి ఇది చేసినప్పుడు, ఎడమకు తిప్పగానే వెలిగిన ఆ చిన్న బల్బును చూసి నాకు ఏడుపొచ్చింది. ఇంత సులువా అని.

అతుకు వేయడం చూద్దాం. ముందు బ్యాటరీ నెగటివ్ విప్పాలి, తర్వాతే పాజిటివ్. ముందు పాజిటివ్ విప్పబోతే పానా జారి బాడీకి తగిలి పెద్ద నిప్పు లేస్తుంది. బిగించేటప్పుడు తిరగేసి, పాజిటివ్ ముందు, నెగటివ్ చివర. పాడైన వైరును రాగి నల్లగా ఉన్నంత మేరా కత్తిరించి పారేయండి. మెరిసే రాగి వచ్చేదాకా వెనక్కి పోవాలి. నల్ల రాగికి అతుకు నిలవదు. అదే మందం, వీలైతే అదే రంగు, సన్నటి పోగులున్న ఆటో వైరు తెచ్చుకోండి. ఇంటి కరెంటుకు వాడే ఒంటి తీగ వైరు వద్దు, బండి అదురుకు పుటుక్కున విరుగుతుంది. స్లీవు ముందే ఎక్కించుకోవాలి. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా అతుకంతా అయ్యాకే గుర్తొస్తుంది, నాకూ అంతే. పోగులు ఒకదానిలో ఒకటి చొప్పించి మెలిపెట్టి, సోల్డరింగు వేసి, స్లీవు జరిపి వేడి చూపిస్తే ముడుచుకుని పట్టుకుంటుంది. నాలుగు వైర్లు తెగితే నాలుగు అతుకులూ ఒకే చోట పెట్టకండి, మెట్లుమెట్లుగా జరిపి వేయండి. హ్యాండిల్ మెడ దగ్గర, వైరు రోజూ వంగే చోట, అతుకే ఉండకూడదు. అక్కడ కొత్త ముక్క వేసి, అతుకులు రెండూ కదలని చోటికి పోయేలా చూసుకోవాలి. కొంచెం వదులు ఉంచండి. సైలెన్సరుకు దూరంగా కట్టండి. చివరగా, కంపెనీ రాసిన ఆంపియర్ల ఫ్యూజే వేయండి, ఇంకో రెండు డిక్కీలో పెట్టుకోండి. వైర్లు కరిగి మూరెడు మేర ముద్ద అయిపోతే మాత్రం అతుకుల జోలికి పోవద్దు, గుత్తి మొత్తం మార్చుకోవడమే మేలు. నేను నా బండికి అదే చేశాను.

రంగుల గురించి ఒకరు చీటీ పంపారు. హోండా బండ్లలో మామూలుగా పచ్చరంగు ఎర్తు, ఎరుపు బ్యాటరీ ప్లస్, నలుపు తాళం తర్వాతి ప్లస్. నారింజ ఎడమ ఇండికేటరు, లేత నీలం కుడిది. వేరే కంపెనీలకు వేరే లెక్క. అదీగాక, ముందెవరో అతుకు వేసి ఉంటే రంగును నమ్మొద్దు, టెస్టు లైటును నమ్మండి.

ఆడవాళ్లకు ఇది కొత్త కాదు. 1990ల మొదట్లో ఉత్తరప్రదేశ్‌లోని బాందా జిల్లాలో మహిళా సమాఖ్య ఆడవాళ్లు చేతిపంపుల మరమ్మతు నేర్చుకుని ఊరూరా తిరిగి బాగుచేశారు. అదే కాలంలో తమిళనాడు పుదుక్కోట్టైలో అక్షరాస్యతా ఉద్యమంతో పాటు వేలాది మంది స్త్రీలు సైకిలు నేర్చుకున్నారు. అప్పటి కలెక్టరు షీలా రాణి చుంకత్ దాన్ని ప్రోత్సహించారు. సైకిలు పంక్చరు వేసుకోవడం మనం సులువుగానే నేర్చుకున్నాం. బండి దగ్గరికి వచ్చేసరికి మాత్రం సీటు ఎత్తడానికి కూడా తమ్ముణ్ణి పిలుస్తున్నాం. కరెంటంటే భయం అంటారు. ఇంట్లో 230 వోల్టుల మోటరు స్విచ్చి తడి చేత్తో వేసే మనం 12 వోల్టులకు భయపడుతున్నాం! ప్లగ్గు వైరు ఒక్కటి వదిలేయండి, ఇంజను నడుస్తుండగా దాన్ని ముట్టుకోవద్దు, అందులో వేల వోల్టులుంటాయి. మిగతా 12 వోల్టుల వైర్లు షాకు కొట్టవు.

వైరింగుతో పాటు కాగితాలు కూడా చూసుకోవాలి. ఇవాళ చేతులెత్తిన వాళ్లలో ఎంతమంది బండి ఆర్.సి. వాళ్ల పేరున ఉంది? నాకు లెక్క తెలుసు, నిన్న రాసుకున్నాం కదా. చాలా తక్కువ. మీ జీతంతో కొన్న బండి భర్త పేరునో, అమ్మినాయన పేరునో ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షను ప్రకారం కొన్నవాళ్లు 30 రోజుల్లో యాజమాన్యం మార్పు కోసం తెలియజేయాలి. 29, 30 నంబరు ఫారాలు అందుకే. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు, చేతులెన్ని మారినా రిజిస్టరులో పేరున్న వాళ్లే యజమాని, ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత వాళ్లదే అని చెప్పింది. కాబట్టి అమ్మేవాళ్లకూ ఇది అవసరమే, ఆ మాట చెప్పి సంతకం పెట్టించుకోండి. రేపు ఇంట్లో గొడవై భర్త తాళం లాక్కుంటే, గృహహింస చట్టం 19వ సెక్షను 8వ ఉపసెక్షను కింద మీ స్త్రీధనం, మీకు చెందిన ఆస్తి తిరిగి ఇప్పించమని మెజిస్ట్రేటును అడగవచ్చు. ఆర్.సి. మీ పేరున ఉంటే ఆ అడగడం ఎంత సులువో లాయరక్క పొద్దున చెప్పిందాన్ని బట్టి మీకే అర్థమవుతుంది.

సంస్థలు నడిపే వాళ్లు కూడా ముందు వరసలో ఉన్నారు కాబట్టి ఒక మాట. కార్యకర్తకు బండి ఉండాలనేది ఉద్యోగానికి షరతు. పెట్రోలుకు కిలోమీటరు లెక్కన ఇస్తారు. మరమ్మతుకు పైసా లేదు. ఈమధ్య నేను చూసిన ఒక ప్రాజెక్టు ప్రతిపాదనలో జెండర్ అనే మాట ప్రతి పేజీలో ఉంది, రిపేరు అనే మాట ఒక్కచోటా లేదు. ఆగిపోయిన బండికి సగం జీతం పెట్టి, చెప్పుకోలేక సెలవు పెట్టిన వాళ్లు ఇక్కడున్నారు. వచ్చే సంవత్సరం బడ్జెట్టులో ఆ పద్దు రాయండి. శిక్షణ ఇచ్చేందుకు ఆపాను పిలవండి, రిసోర్స్ పర్సన్‌కు ఇచ్చే డబ్బు ఆమె చేతికే ఇవ్వండి. ఆమెతో మాట్లాడాను, ఒప్పుకుంది. భాయి కూడా ఒప్పుకున్నాడు, కొంచెం సేపు పట్టింది లెండి.

ఆ పత్తికొండ వైపు అమ్మాయి సంగతి అడుగుతున్నారు. ఏడాది తర్వాత మళ్లీ ఫోను చేసింది. ఈసారి పగలు. నేను వెళ్లాను, కేసు పెట్టాం, ఇంకా నడుస్తోంది. వాయిదాలకు ఆమె నా వెనక కూర్చునే వస్తుంది.

సరే, చెప్పింది చాలు. బయట వేపచెట్టు కింద రెండు బండ్లు పెట్టించాను. ఒకదానిలో ఫ్యూజు పోతోంది, ఇంకొకదానిలో వెనక లైటు రావడం లేదు. తప్పెక్కడుందో నాకు తెలుసు, చెప్పను. నలుగురు నలుగురుగా రండి. చేతి గాజులు, ఉంగరాలు తీసి కొంగున కట్టుకోండి, పానాకు తగులుతాయి. ముందు సీటు ఎత్తి, బ్యాటరీ ఎక్కడుందో చూడండి.